ఇంటి దొంగ ఏ అంతస్తులో ఉంటాడు?

రాత్రి తొమ్మిదిన్నర. కూకట్‌పల్లిలో ఓ పెద్ద బట్టల షోరూమ్. ముందువైపు షట్టర్ సగం దించేశారు. వెనకవైపు జనరేటర్ పక్కన, సరుకు దించే చోట ఇంకో తలుపుంది. పొద్దున్నుంచి నిలబడి చీరలు విప్పి, చూపి, మళ్లీ మడతపెట్టిన అమ్మాయిలంతా అక్కడ వరసగా నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ లోపలున్నది బయటికి కనబడే ప్లాస్టిక్ సంచులే. టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా, దువ్వెన, నెలసరి రోజులైతే కాగితంలో చుట్టిన ప్యాడ్లు. సంచిలో ఏముందో కనబడుతూనే ఉన్నా బాక్సు మూత తీసి చూపించాలి. ఆడ గార్డు ఒక్కతే. భుజాల దగ్గర మొదలుపెట్టి నడుము దాకా తడుముతుంది, చున్నీ దులిపిస్తుంది, చెప్పులు విప్పిస్తుంది, తర్వాతే పొమ్మంటుంది.

“అక్కా, జల్ది చూడరాదూ... బస్సు పోతది.”

“నేనేం జెయ్యాలె చెల్లె? పైన కెమెరాల సారు చూస్తుండు. మంచిగ చూడకుంటే నా డ్యూటీ పోతది.”

మేనేజరు, సరుకు కొనుగోళ్లు చూసే సారు, అకౌంట్స్ ఆయన ముందు తలుపులోంచే వెళ్తారు. వాళ్ల బ్యాగులకూ జిప్పులున్నాయి. తీసి చూపించమని అడిగేవాళ్లే లేరు.

దుకాణదారు బాధ అబద్ధం కాదు. చీర పోతుంది, చొక్కా పోతుంది, సూపర్‌మార్కెట్లో షాంపూలు, చాక్లెట్లు పోతాయి. బంగారు కొట్లో ఒక్క ముక్కుపుడక పోయినా ఆ నెల లాభం చెల్లినట్టే. పోయిన వాటిలో కొంత కచ్చితంగా లోపలివాళ్ల చేతివాటమే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న భయం ప్రతి యజమానికీ ఉంటుంది, ఉండటం సహజం కూడా. అయితే ఆ భయం ఎప్పుడూ వెనక తలుపు దగ్గరే కాపలా ఎందుకు కాస్తుంది? పోయిన సొమ్ము లెక్కలు చూస్తే ఎక్కువ పోయేది అక్కడ కాదు. తనిఖీ మాత్రం జీతం తక్కువున్న చోటే గట్టిగా ఉంటుంది. నాలుగు వందల ఏళ్ల నాడూ ఇదే తంతు.

కంటి కొసలో వజ్రం

పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే గోల్కొండ గనులు చూడటానికి వచ్చాడు. ఆయన రావుల్కొండ అని రాసుకున్నది కర్నూలు జిల్లా రామళ్లకోట అని చరిత్రకారులు చెబుతారు. అక్కడ పనిచేసే కూలీలకు ఏడాదికి 3 వరహాలు ఇచ్చేవారట. అదీ పని బాగా తెలిసినవాళ్లకు. ప్రతి 50 మంది మీద 12 నుంచి 15 మంది కాపలాదారులు. కూలీల ఒంటి మీద గోచీ తప్ప ఇంకేమీ ఉండదు కాబట్టి రాయి దొరికితే మింగేసేవారని ఆయన రాశాడు. ఒకడైతే దాదాపు 2 క్యారెట్ల రాయిని కంటి కొసలో దాచి దొరికిపోయాడు. వర్తకుల పెద్ద ఆ కూలీని టావెర్నియేకు ప్రత్యేకంగా చూపించాడు.

ఆ వర్తకుడి రాతల్లో నాకు ఆసక్తి కలిగించింది ఇంకొకటి ఉంది. ఇంత తక్కువ కూలి ఇస్తున్నారు కనుకే రాయి దాచుకోవడానికి వాళ్లు వెనకాడరని ఆయనే అంటాడు. అతను కార్మిక నాయకుడు కాదు, రాళ్లు కొని అమ్ముకునే వ్యాపారి. ఆ గనుల దగ్గర పెద్ద రాయి దొరికి తెచ్చిచ్చిన కూలీకి తలపాగా గుడ్డ, దాంతోపాటు అర వరహానో వరహానో బహుమానంగా దక్కేది. యజమానికి ఎంత దక్కేదో వేరే చెప్పనక్కర్లేదు. యాభై మందికి పదిహేను మంది కాపలాదారులంటే, వాళ్ల జీతాల్లో కొంత తవ్వేవాళ్లకే పంచితే ఏమయ్యేదో ఎవరూ లెక్క వేసినట్టు లేదు.

రెండు శతాబ్దాల తర్వాత దక్షిణాఫ్రికాలోని కింబర్లీ వజ్రాల గనుల్లో ఇదే పనిని పెద్ద యంత్రాంగంతో చేశారు. 1880ల తొలినాళ్లలో గని దిగివచ్చే ప్రతివాడినీ బట్టలు విప్పి చూడాలని నిబంధన పెడితే తెల్ల కార్మికులు ఎదురుతిరిగారు. 1883లో, 1884లో సమ్మెలు జరిగాయి. రెండోసారి కాల్పులు జరిగి కార్మికులు చనిపోయారు కూడా. ఆఖరికి తెల్లవాళ్లకు బట్టలు విప్పే బాధ తప్పింది. నల్లజాతి కార్మికులకు మాత్రం తప్పలేదు సరికదా, ఒప్పందం గడువు తీరేదాకా కంచె వేసిన కాంపౌండ్లలోనే బతకాల్సి వచ్చింది. ఇంటికి పంపేముందు కొన్ని రోజులు విడిగా ఉంచి, చేతులకు వేళ్లు కదలని తొడుగులు బిగించి, మింగిన రాళ్లేమైనా బయటపడతాయేమోనని చూసేవారు. రాయి ఏ చేతికి దొరికినా రాయే. అయినా ఎవరి బట్టలు విప్పాలన్నది ఒంటి రంగును బట్టి తేలింది.

కోలార్ బంగారు గనుల్లో చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు, ఉత్తర ఆర్కాటు తమిళులు తరతరాలుగా పనిచేశారు. అక్కడ 1930లో కార్మికులు కట్టగట్టుకుని సమ్మె చేశారు. అప్పట్లో కంపెనీ కార్మికులందరి వేలిముద్రలు తీసుకుని నమోదు చేయాలనుకుంది. వేలిముద్రలు తీసుకునేది నేరస్తుల దగ్గర కదా, మేమేం నేరం చేశామన్నది వాళ్ల పట్టుదల. ఇప్పుడు పొద్దున్నే ఆఫీసు గుమ్మంలో బయోమెట్రిక్ మీద వేలు పెట్టని ఉద్యోగి లేడు. ఆ వేలిముద్ర ఎక్కడికి పోతుందో అడిగేవాళ్లూ కనబడరు.

93 రూపాయలు

మనలో చాలామందికి కళ్లెదుటే కనబడే తనిఖీ ఆర్టీసీ బస్సులోది. కండక్టర్ డ్యూటీ ఎక్కేముందు తన జేబులో సొంత డబ్బు ఎంతుందో రాసివ్వాలి. ఆ తర్వాత ఏ మలుపులోనో, ఏ టోల్‌గేటు దగ్గరో చెకింగ్ వాళ్లు చెయ్యెత్తుతారు. ఒకరు ముందు తలుపులోంచి, ఒకరు వెనక తలుపులోంచి ఎక్కుతారు. ముందు ప్రయాణికుల టికెట్లు చూస్తారు, తర్వాత కండక్టర్ సంచి. అమ్మిన టికెట్ల డబ్బుకు, రాసిచ్చిన సొంత డబ్బుకు కలిపి పైసలతో సహా సరిపోవాలి. తక్కువైతే తప్పు. ఎక్కువైతే ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే టికెట్ కొట్టకుండా డబ్బు తీసుకున్నాడని అర్థం చేసుకుంటారు.

ఎక్కువ ఎలా వస్తుందో బస్సెక్కినవాళ్లందరికీ తెలుసు. వంద నోటు ఇస్తాం. కండక్టర్ దగ్గర చిల్లర ఉండదు. టికెట్ వెనక ‘22’ అని రాసి చేతిలో పెడతాడు, దిగేటప్పుడు తీసుకోమంటాడు. మనం ఫోను చూసుకుంటూ దిగిపోతాం. మర్నాడు గుర్తొచ్చి కండక్టర్లను తిట్టుకుంటాం. ఆ ఇరవై రెండు రూపాయలు ఆ సంచిలోనే ఉంటాయి. తర్వాతి స్టేజీలో చెకింగ్ ఎక్కితే అవి లెక్కకు రాని డబ్బు. అన్ని సందర్భాల్లో ఇదే జరుగుతుందని అనను. టికెట్ కొట్టకుండా సగం డబ్బు తీసుకుని కూర్చోబెట్టే కండక్టర్లూ ఉన్నారు, అందుకు ఒప్పుకుని కూర్చునే ప్రయాణికులూ ఉన్నారు. ఇవి రెండూ బయటికి ఒక్కలాగే కనబడతాయన్నదే చిక్కు.

కోర్టులు ఈ విషయంలో కఠినంగానే ఉన్నాయి. 1977లో హరియాణా కండక్టర్ ఒకరి కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ రాసిన తీర్పు ఈనాటికీ శాఖాపరమైన విచారణలన్నింటికీ ఆధారం. టికెట్ లేని ప్రయాణికులను పిలిచి సాక్ష్యం చెప్పించనక్కర్లేదని, విచారణలో సాక్ష్య చట్టం నియమాలన్నీ పాటించనక్కర్లేదని, ఎంతో కొంత నమ్మదగ్గ ఆధారం ఉంటే చాలని అందులో ఉంది. పేదల పక్షాన తీర్పులిచ్చాడని పేరున్న న్యాయమూర్తి కలం నుంచి వచ్చిన మాట అది. 2005లో కర్ణాటక ఆర్టీసీ కండక్టర్ సంచిలో లెక్కకు రాని 93 రూపాయలు దొరికిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉద్యోగం పోవడం సబబేనని కోర్టు చెప్పింది. సొమ్ము ఎంతన్నది ముఖ్యం కాదు, నమ్మకం పోయిందా లేదా అన్నదే చూడాలంది.

ప్రజల డబ్బు పట్టుకునేవాడి విషయంలో అలా చూడటంలో తప్పు పట్టలేం. ఆ కొలతే అందరికీ పెట్టకపోవడంలోనే పేచీ. డిపోకు కొన్న టైర్లలో, డీజిల్లో, స్క్రాప్ వేలంలో తేడా వస్తే 93 రూపాయలంత సూటిగా తేలదు. దానికి ఆడిట్ అభ్యంతరం అని పేరు పెడతారు. దాని మీద వివరణ వస్తుంది, వివరణ మీద మళ్లీ వివరణ వస్తుంది. అధికారి పదవీ విరమణ చేశాక ఫైలు మూసేస్తారు.

ఇందులో కొంత మార్పు కూడా వచ్చింది. తెలంగాణలో 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేసి తిరిగి పనిలో చేరాక, టికెట్ తీసుకోని ప్రయాణికుడికే జరిమానా వేయాలని, కండక్టర్‌ను శిక్షించకూడదని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. ఏళ్లుగా యూనియన్లు అడుగుతున్న మాట అది.

జేబు లేని పంచె

తిరుమల పరకామణి గురించి తెలియని తెలుగువాళ్లుండరు. శ్రీవారి హుండీలో పడిన నోట్లు, నాణేలు, నగలు, విదేశీ కరెన్సీ వేరుచేసి లెక్కపెట్టే చోటు. లెక్కించేవాళ్లు జేబుల్లేని పంచె కట్టుకుని కూర్చోవాలి. ఉంగరం, వాచీ, పర్సు, ఫోన్ ఏవీ ఉండకూడదు. చుట్టూ కెమెరాలు, లోపలికి వెళ్లేటప్పుడూ బయటికి వచ్చేటప్పుడూ తనిఖీ. సేవగా చేయడానికి వచ్చిన బ్యాంకు ఉద్యోగులకైనా ఇదే నియమం. బయటి ఉద్యోగంలో ఎంత పెద్ద హోదా ఉన్నా అక్కడ పంచె కట్టాల్సిందే కాబట్టి, లెక్కపెట్టేవాళ్ల వరకు ఇది హోదా చూడని తనిఖీ అని మెచ్చుకోవచ్చు.

అంత కట్టుదిట్టం ఉన్నా 2023 ఏప్రిల్‌లో, ఓ మఠం తరఫున అక్కడ పనిచేసే ఉద్యోగి విదేశీ నోట్లతో పట్టుబడ్డాడు. అతను కొత్తవాడు కాదు, ఏళ్ల తరబడి అక్కడే ఉన్నవాడు. దొరికినవి కొద్ది నోట్లే. ఆ తర్వాత అతని కుటుంబం కోట్ల విలువైన ఆస్తులు దేవస్థానానికి రాసిచ్చింది, సెప్టెంబరులో కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది. ఆ కొద్ది నోట్లకూ ఈ ఆస్తులకూ పొంతనేమిటని జనం అడిగారు. 2025లో హైకోర్టు ఆ రాజీ మీదే దృష్టి పెట్టి సీఐడీ దర్యాప్తుకు ఆదేశించింది. నేరం ఎవరిది, ఎంతన్నది కోర్టులు తేల్చాలి. నాకు పట్టిన విషయం వేరే. నోట్లు దాచుకున్నవాడిని ఒంటి తనిఖీ పట్టుకుంది. కేసు ఎలా రాయాలి, ఎవరు రాజీ పడాలి అని తేల్చేవాళ్లను తనిఖీ చేయడానికి అక్కడ పంచె లేదు, కెమెరా లేదు. దానికి హైకోర్టు కావాల్సి వచ్చింది.

నోట్లు అచ్చువేసే చోట్ల ఇంకా కట్టుదిట్టం ఉంటుంది. మధ్యప్రదేశ్‌లోని దేవాస్ ముద్రణాలయానికి సీఐఎస్‌ఎఫ్ కాపలా. 2018 జనవరిలో అక్కడి అధికారి ఒకరు బూట్లలో నోట్లు పెట్టుకుని పోతూ దొరికాడు. ఇంటి దగ్గరా, ఆఫీసులోనూ వెతికితే మొత్తం 90 లక్షల దాకా తేలింది. అవన్నీ అచ్చులో లోపాలు వచ్చి పక్కన పెట్టిన నోట్లు. వాటిని ఏరి నాశనం చేయించే విభాగాన్ని చూసుకునే అధికారే ఆయన. కంచే చేను మేసిందన్న సామెత ఇలాంటి వార్తలకు శీర్షికగా వాడి వాడి అరిగిపోయింది గానీ, ఇక్కడ అంతకంటే సరైన మాట లేదు.

కెనడా ప్రభుత్వ టంకశాలలో జరిగింది మరీ విచిత్రం. అక్కడి ఉద్యోగి ఒకడు బంగారు బిళ్లలు మలద్వారంలో దాచి బయటికి తెచ్చేవాడని కోర్టు నిర్ధారించింది. గేటు దగ్గరి లోహాన్ని పసిగట్టే చౌకట్టు చాలాసార్లు మోగింది. మోగినప్పుడల్లా గార్డు చేతి యంత్రంతో పైపైన చూసి ఏమీ లేదని పంపేశాడు. 22 బిళ్లలు పోయాక కూడా గేటు అతన్ని పట్టుకోలేదు. వరసగా పెద్ద పెద్ద చెక్కులు వేస్తున్నాడేమిటని అనుమానం వచ్చింది బ్యాంకు కౌంటర్లోని ఉద్యోగికి. 2017లో 30 నెలల జైలు పడింది.

ఇక అసలు సిసలు పెద్ద సొమ్ము సంగతి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు ఒక లేఖ రాశారు. పద్దుల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని అందులో ఉంది. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో అప్పటికే మెడలో కార్డు, గేటు దగ్గర లాప్‌టాప్ సీరియల్ నంబరు, పెన్‌డ్రైవ్ నిషేధం అన్నీ ఉన్నాయి. ఇంటికి పెన్‌డ్రైవ్ తీసుకుపోలేని కుర్రాళ్లు మర్నాడు పొద్దున పేపర్లో తమ కంపెనీ చైర్మన్ లేఖ చదువుకున్నారు.

ఇది ఒక్క కంపెనీ కథ అని కొట్టేయడానికి లేదు. ప్రపంచవ్యాప్తంగా సంస్థల్లో మోసాలను పరిశీలించే నిపుణుల సంఘం ఏసీఎఫ్‌ఈ 2024 నివేదికలో 1,921 కేసులు తీసుకుంది. మామూలు ఉద్యోగి చేసిన మోసంలో మధ్యస్థ నష్టం 60 వేల డాలర్లు. మేనేజరు చేస్తే 1,84,000. యజమాని లేదా పై అధికారి చేస్తే 5 లక్షలు. మోసాలు బయటపడిన తీరు కూడా అందులోనే ఉంది. 43 శాతం ఎవరో ఒకరు చెబితే తెలిశాయి. అలా చెప్పినవాళ్లలో సగానికి పైగా ఆ సంస్థ ఉద్యోగులే. అంటే వెనక తలుపు దగ్గర తడిమి పంపిస్తున్న మనుషులే పెద్ద దొంగను పట్టించగలిగే మనుషులు కూడా. రోజూ దొంగను చూసినట్టు చూస్తే, పైవాడి తప్పు తెలిసినా వాళ్లు వచ్చి చెబుతారా? నాకైతే నమ్మకం లేదు.

ఆ ఇరవై నిమిషాలు ఎవరివి?

తనిఖీలో అవమానం గురించి మాట్లాడతాం గానీ సమయం గురించి మాట్లాడం. అమెరికాలో అదే కోర్టుకెక్కింది. నెవాడాలోని అమెజాన్ గోదాముల్లో పనిచేసే కాంట్రాక్టు కార్మికులు పని దిగాక బెల్టు, తాళాలు, పర్సు తీసి తనిఖీ వరసలో నిలబడేవారు. రోజుకు 25 నిమిషాల దాకా పడుతుందని, దానికి జీతం ఇవ్వాలని దావా వేశారు. 2014 డిసెంబరులో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా ఒక్కమాటగా, ఇవ్వనక్కర్లేదన్నారు. గోదాములో వస్తువులు ఏరి ప్యాక్ చేయడమే వాళ్ల పని, తనిఖీ ఆ పనిలో విడదీయరాని భాగం కాదన్నది తర్కం. తర్కం సంగతి అలా ఉంచితే, తనిఖీ లేకుండా ఇంటికి పోతానంటే పోనిస్తారా?

కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం వేరు. అక్కడ ఆపిల్ దుకాణాల్లో ఉద్యోగులు హాజరు నమోదు ముగించుకున్నాక బ్యాగులు చూపించి వెళ్లాలి. మామూలు రోజుల్లో 5 నుంచి 20 నిమిషాలు, రద్దీ రోజుల్లో 45 నిమిషాలదాకా పట్టేదని ఉద్యోగులు చెప్పారు. బ్యాగు తెచ్చుకోవడం, ఐఫోన్ తెచ్చుకోవడం వాళ్ల ఇష్టం, తెచ్చుకోకపోతే తనిఖీయే ఉండదు కదా అని కంపెనీ వాదించింది. లోకానికంతటికీ ఐఫోన్ లేనిదే రోజు గడవదని చెప్పుకునే కంపెనీ, తన ఉద్యోగులకు మాత్రం అది అవసరం లేదనడమేమిటని 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఎత్తిపొడిచింది. ఆ సమయానికి జీతం ఇవ్వాల్సిందేనంది. చివరికి దాదాపు 3 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది. కేసు నడుస్తుండగానే, 2015 డిసెంబరులో, కంపెనీ ఆ బ్యాగు తనిఖీలు మానేసింది.

బ్రిటన్‌లో స్పోర్ట్స్ డైరెక్ట్ గోదాము వ్యవహారం పార్లమెంటు కమిటీ దాకా వెళ్లింది. తనిఖీకి నిలబడిన సమయం కలిపి లెక్కిస్తే గంటకు చట్టం చెప్పిన కనీస వేతనం కంటే తక్కువ పడుతోందని 2016లో యజమానే ఎంపీల ముందు ఒప్పుకున్నాడు. దొంగతనం కనిపెట్టడం తేలికవుతుందని ఆ గోదాములో కార్మికులు 802 బ్రాండ్ల బట్టలు వేసుకోకూడదని జాబితా కూడా పెట్టారు. పొద్దున చొక్కా తొడుక్కునేటప్పుడు ఎనిమిది వందల పేర్లు గుర్తుంచుకోవడం కూడా ఉద్యోగంలో భాగమే అన్నమాట.

మన దగ్గర ఆ కూకట్‌పల్లి వరసలో గడిచే సమయం గురించి దావా వేసినవాళ్లు నాకు కనబడలేదు. ఇరవై నిమిషాలకు ఎంతొస్తుంది, దానికోసం లాయరు దగ్గరికెవరు పోతారన్నది ఒక కారణం. రోజుకు ఇరవై నిమిషాలంటే నెలకు ఎనిమిది తొమ్మిది గంటలు. అంటే ఒక రోజు పని.

చట్టంలో తనిఖీకి చోటుంది. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం షెడ్యూల్లోనే ఏ గేటులోంచి రావాలి, సోదాకు ఎలా లోబడాలి అన్న అంశం ఉండేది. అంటే నియమం రాసిపెట్టాలి, కార్మికులకు తెలియాలి, ఎవరి బుద్ధి పుట్టినట్టు వాళ్లు సోదా చేయకూడదన్నది దాని సారం. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఈ స్టాండింగ్ ఆర్డర్లు 300 మందికి తగ్గకుండా కార్మికులున్న సంస్థలకే వర్తిస్తాయి. నలభై మంది అమ్మాయిలున్న షోరూముకు కాగితం మీద నియమమేదీ లేదు. గేటు దగ్గర నిలబడే ప్రైవేటు గార్డుకు పోలీసు అధికారాలూ లేవు. ఉద్యోగం పోతుందన్న భయంతోనే చేతులు రెండూ పైకి లేస్తున్నాయి. దాన్నే ఒప్పుకోవడం అనుకుంటున్నాం.

చట్టం స్పష్టంగా ఉన్నా నడవని చోటు ఇంకొకటి ఉంది. అదే ‘షార్టేజీ’ కోత. నెలాఖరుకు స్టాకు చూస్తారు. పది వేల సరుకు తేలలేదంటే ఆ సెక్షన్లో ఉన్న అయిదుగురి జీతాల్లోంచి తలా రెండు వేలు పట్టుకుంటారు. ఎవరు తీశారన్నది ఎవరికీ అక్కర్లేదు. కొనేవాళ్లు ఎత్తుకుపోయి ఉండొచ్చు, గోదాము నుంచే తక్కువ వచ్చి ఉండొచ్చు, కంప్యూటర్లో తప్పు ఎక్కి ఉండొచ్చు. పాత వేతనాల చట్టం ఏనాటి నుంచో ఒకటే చెబుతూ వచ్చింది. ఆ సరుకు ఆ మనిషికి ప్రత్యేకంగా అప్పగించి ఉండాలి, నష్టం నేరుగా ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, పట్టుకునేముందు సంజాయిషీ అడగాలి, నష్టానికి మించి పట్టుకోకూడదు. కొత్త వేతనాల కోడ్ కూడా ఇదే మాట చెప్పింది. గుంపుకు కలిపి కోత వేయడం ఈ షరతులకు నిలవదు. అయినా సూపర్‌మార్కెట్లలో పనిచేసిన ఏ కుర్రాడినడిగినా షార్టేజీ మాట వింటారు. ఎలాగూ జీతంలోంచి పట్టుకుంటారని తెలిసినప్పుడు, పట్టుకున్నంతైనా తీసుకుంటే తప్పేమిటన్న ఆలోచన ఎవరికో ఒకరికి రాకుండా ఉంటుందా?

ఈ ఆలోచనను కొలిచిన పరిశోధన ఒకటుంది. అమెరికాలో జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే ఆచార్యుడు 1990లో ప్రచురించాడు. ఒకే కంపెనీకి చెందిన రెండు ఫ్యాక్టరీల్లో పది వారాలపాటు 15 శాతం జీతం కోశారు. ఒకచోట కంపెనీ పెద్ద స్వయంగా వచ్చి గంటన్నర కూర్చుని, ఆర్డర్లు ఎందుకు తగ్గాయో, ఎవరినీ తీసేయకుండా ఉండాలంటే ఇదే దారి ఎందుకైందో లెక్కలతో చెప్పి, బాధపడుతున్నానన్నాడు. రెండోచోట పావుగంటలో ముక్తసరిగా చెప్పేసి వెళ్లిపోయారు. మూడో ఫ్యాక్టరీలో కోత లేదు. కోత పడిన రెండు చోట్లా చిల్లర దొంగతనాలు పెరిగాయి గానీ, పావుగంట మీటింగు పెట్టిన చోట బాగా ఎక్కువ పెరిగాయి. జీతాలు మళ్లీ మామూలు కాగానే దొంగతనాలూ తగ్గాయి. అవే గేట్లు, వాళ్లే మనుషులు. గంటన్నర సేపు మనుషులతో మనుషుల్లా మాట్లాడటానికి కెమెరాల ఖర్చులో ఎన్నో వంతు అవుతుంది?

దొంగతనం జీతం తక్కువైన ప్రతిచోటా జరుగుతుందని దీన్నుంచి లాగకూడదు. ఎంతిచ్చినా ఆశపడేవాళ్లు ఉంటారు, వాళ్ల కోసం లెక్కలు, స్టాకు పరిశీలన కావాల్సిందే. కొనేవాడొకడు, సరుకు దించుకునేవాడొకడు, బిల్లు పాస్ చేసేవాడొకడు ఉండాలన్న పాత నియమం వంద మెటల్ డిటెక్టర్ల పెట్టు. అయితే ఆ నియమం పెట్టాల్సింది పై అంతస్తులో. అందుకే ఎవరూ పెట్టరు.

చీటీ ఉందా?

ఇప్పుడు మన ఇళ్లకే వద్దాం. మణికొండలోనో నల్లగండ్లలోనో ఓ గేటెడ్ కమ్యూనిటీ. మధ్యాహ్నం రెండింటికి పనులు ముగించుకున్న ఆడవాళ్లు గేటు దగ్గరికి వస్తారు. సంచి బల్ల మీద పెట్టి తెరవాలి. పాత చీర ఉందనుకోండి, ఏ ఫ్లాట్ వాళ్లిచ్చారో చెప్పాలి. చీటీ ఉండాలి, లేదా ఆ ఇంటావిడ యాప్‌లో ఒప్పుకోవాలి. ఆవిడ నిద్రపోతూ ఫోన్ ఎత్తకపోతే చీర గేటు దగ్గరే ఉంటుంది. నిన్నటి కూర పెట్టిన గిన్నెకూ ఇదే నియమం. అదే గేటులోంచి ఫ్లాటు ఖాళీ చేసేవాళ్ల వ్యాన్లు, చెత్తకుండీ పక్కన ఎవరో వదిలేసిన కుర్చీని కారు డిక్కీలో వేసుకుని పోయేవాళ్లు పోతూనే ఉంటారు. లిఫ్టు మోటార్లో కొత్త భాగం వేశామని పాతదే బిగించి బిల్లు తీసుకున్న కాంట్రాక్టరూ ఆ గేటులోంచే వెళ్తాడు. అసోసియేషన్ మీటింగుల్లో లక్షల లెక్క అడిగితే గొడవలవుతాయి గానీ, పనిమనుషుల సంచుల తనిఖీ తీర్మానం మాత్రం చేతులెత్తి ఏకగ్రీవంగా పాసవుతుంది.

ఇంట్లో గొలుసు కనబడకపోతే మొదట అనుమానం ఎవరి మీదికి పోతుందో చెప్పక్కర్లేదు. యజమాని సొత్తును పనివాళ్లు దొంగిలిస్తే మామూలు దొంగతనం కంటే ఎక్కువ శిక్ష. భారతీయ న్యాయ సంహిత 306వ సెక్షన్ కింద 7 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. స్టేషన్లో ఆ ఫిర్యాదు రాసుకోవడానికి ఆలస్యం ఉండదు. రెండ్రోజులకు గొలుసు పరుపు సందులో దొరికితే స్టేషన్‌కు ఫోన్ చేసి దొరికిందండీ అని చెప్పేవాళ్లు ఉంటారు. ఆ రెండ్రోజులూ స్టేషన్లో కూర్చున్న మనిషి ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పినవాళ్లు ఎందరో తెలియదు. ఈలోగా ఆ గేటు యాప్‌లో ఆమె పేరు మీద ‘ప్రవేశం లేదు’ అని ఎక్కేసి ఉంటుంది. తీసేయమని అడగాల్సింది ఫిర్యాదు చేసిన ఫ్లాట్ వాళ్లే. వాళ్లప్పటికే వేరే మనిషిని పెట్టుకుని ఉంటారు.